సరిచేసిన జాతకం

బస్సు డిపోలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనేవారు. ఆడమనిషి బస్సేం తోలుతుందని మొదట్లో నవ్వినవాళ్లే, ఇరుకు సందుల్లో ఆమె బస్సు వెనక్కి తీసే తీరు చూశాక నోరు మూసుకున్నారు. మెకానిక్ ఒకడు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. బ్రేకు సరిగ్గా పడటం లేదని ఆమె అంటే చాలు, మారుమాట లేకుండా బస్సు కిందికి దూరేవాడు. అలా మాటలు కలిశాయి, మనసులూ కలిశాయి.

ఇరువైపులా పెద్దవాళ్లు సరేనన్నారు. కాకపోతే ముందు జాతకాలు చూపించాలన్నారు. జ్యోతిష్కుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని పెదవి విరిచాడు. ఈ అమ్మాయిని చేసుకుంటే అబ్బాయికి ప్రాణగండం అన్నాడు. అంతే, మెకానిక్ తల్లి అడ్డం తిరిగింది. డ్రైవరమ్మ తల్లి వంటింట్లో కూలబడి కళ్లు ఒత్తుకుంది.

"నీ మంచికే చెప్తున్నానే. జాతకాలు కుదరకపోతే కాపురం నిలబడదు."

డ్రైవరమ్మకు ఒళ్లు మండిపోయింది. అక్క అక్కడే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఇంత చక్కగా కుదిరిన జంటను చూడలేదని అక్క పెళ్లప్పుడు ఈ జ్యోతిష్కుడే అన్నాడు. ఏడాది తిరక్కుండా బావ కొట్టిన దెబ్బకు అక్క దవడ విరిగింది. పారిపోయి వచ్చిన ప్రతిసారీ, జాతకాలు అంత బాగా కుదిరాయి, అతనే మారతాడులే అని తల్లి వెనక్కి పంపింది. చివరికి ఒకవైపే నమలడం అలవాటు చేసుకుని అక్క పుట్టింటికి చేరింది.

"అక్కది నిలబడిందా అమ్మా? ఇటు తిరుగు. దాని మొహం చూసి చెప్పు!"

తల్లి తిరగలేదు.

"వదిలెయ్యవే," అంది అక్క మెల్లగా.

"నువ్వూరుకో! ఊరుకుని ఊరుకునే ఇంతదాకా తెచ్చుకున్నావ్."

ఆ మాట అన్నందుకు తర్వాత నొచ్చుకుంది గానీ, కోపం మాత్రం తగ్గలేదు.

కొన్నాళ్లకు మెకానిక్ వెలిగిపోతున్న మొహంతో బస్సు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"మన పెళ్లి ఖాయమైపోయింది! నీ పుట్టిన వేళ కాస్త వెనక్కి జరిపితే అన్నీ కుదురుతాయట. ఆ జ్యోతిష్కుడే సరిచేసిచ్చాడు. అమ్మ ఒప్పేసుకుంది."

"మరి నీ ప్రాణగండం?"

"పోయిందట."

"వేళ మార్చారని మీ అమ్మకి తెలుసా?"

"ఎందుకు చెప్పడం? చిన్న అబద్ధం, అందరూ హాయిగా ఉంటారు."

"రేపు నీకు జ్వరమొచ్చినప్పుడు ఈ సంగతి బయటపడితే? మొగుణ్ణి మింగేస్తోందని నన్నేగా అంటారు! జాతకాలు కుదరలేదు, అయినా చేసుకుంటానని మీ అమ్మ ముందు నిలబడి చెప్పు."

అతను చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అమ్మ తట్టుకోలేదు."

"మా అక్క దవడ తట్టుకుంది. మీ అమ్మ చెవులు తట్టుకోలేవా?"

ఆమె బస్సెక్కి తలుపు దభాలున వేసింది. ఆ పెళ్లి జరగలేదు. అతను వేరే డిపోకి బదిలీ చేయించుకున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు. రోజుల తరబడి పళ్లు కొరుక్కుంటూనే బస్సు తోలింది.

ఆ తర్వాత ఒక ఉదయం జ్యోతిష్కుడే గుమ్మంలోకి వచ్చాడు. చిన్నమ్మాయికి సరిగ్గా కుదిరే సంబంధం ఒకటుందన్నాడు. తల్లి కుర్చీ తేబోయింది. ఆమెను దాటుకుని అక్క ముందుకొచ్చింది.

"కుదిర్చింది చాలు. ఇంకోసారి ఈ గడప తొక్కితే మర్యాద దక్కదు," అని ఆయన మొహం మీదే తలుపు వేసింది.

తల్లి కుర్చీని ఉన్నచోటే వదిలేసింది. డ్యూటీకి చెప్పులు తొడుక్కుంటున్న డ్రైవరమ్మ అలాగే నిలబడి, గడియ పెడుతున్న అక్కను చూస్తూ ఉండిపోయింది.