ఇమ్మొబైల్ అనగా గొర్రెలు

ఆ రోజుల్లో మా వైపు ఇంగ్లీషు వానలాంటిది. పేరు అందరికీ తెలుసు, చూసినవాళ్లు తక్కువ. నేను ఎస్సెస్సెల్సీ గట్టెక్కి, మడకశిర దగ్గర ఒక పల్లె బడిలో టెంపరరీ అయ్యవారిగా చేరాను. ఊరు మొత్తానికి ఇంగ్లీషు నాకొక్కడికే వచ్చు (అంటే, రాదని కనిపెట్టేవాళ్లు లేరు). ఇన్‌స్పెక్టరు వచ్చి నా పాఠం విని సరేనంటే ఉద్యోగం ఖాయం. లేదంటే నాయన వెంట సేద్యానికి పోవాలి. ఆయన నామీద నమ్మకంతో అప్పటికే ఒక కొత్త పార కొనిపెట్టాడు.

శివరాత్రి దాటిన ఎండల్లో పొద్దున బస్సుకు ఇన్‌స్పెక్టరు దిగాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోవాలి. బోర్డు మీద ‘ఇమ్మొబైల్’ అని రాసి, అర్థం, పుట్టుక, ప్రయోగం పిల్లలకు చెప్పమన్నాడు. కదలనిది అని అర్థం చెప్పాను. పుట్టుకను లాటిన్ మీదికి తోసేశాను. లాటిన్‌లో ఏ మాట అని అడిగాడు. నాకు లాటిన్ అనే మాట ఒక్కటే వచ్చు.

ఈ కంగారులో అసలు సంగతి మరిచిపోయాను. ఆ చుట్టుపక్కల నీడంటూ ఉన్నది మా బడి వసారా ఒక్కటే. ఎండ నడినెత్తికి రాగానే ఒక అవ్వ గొర్రెల మంద అందులో చేరి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడిపోవడం ఆ ఊరి రివాజు. అంతకుముందే పిల్లల్ని ఇళ్లకు పంపేసేవాణ్ణి. ఆ రోజు అందరం లోపలే చిక్కుకున్నాం. బడికి ఒకే గుమ్మం. బయట మూడు వందల గొర్రెలు. ఇన్‌స్పెక్టరు గొడుగుతో ఒక గొర్రెను పొడిచాడు, తర్వాత రెండు చేతులతో నెట్టాడు. ఉన్నిలోకి చేతులు పోయాయి గానీ గొర్రె పోలేదు.

అవతలినుంచి అవ్వ అంది: “ఏమప్పా, దాన్ని పొడుస్తాండావు? పొద్దు వాలేదాకా అవి యాడికీ పోవు. నువ్వూ ఆడనే కూచో.”

దూరంగా బస్సు హారన్ మోగించి వెళ్లిపోయింది. నా ఉద్యోగమూ దాని టాపెక్కి పోతున్నట్టనిపించి, తెగించి, “ఇది ప్రయోగం, సార్” అన్నాను.

ఆయన గొడుగు కింద పెట్టేశాడు. “పుట్టుక చెప్పలేకపోయినావు గానీ, ప్రయోగం మాత్రం మందతో సహా చూపించినావప్పా” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను గొర్రెల వీపుల మీద పాకి వెళ్లి అవ్వ దగ్గర రాగిముద్ద, నంజుకోవడానికి ఊరిబిండి తెచ్చాను. తిని స్థిమితపడ్డాక పాఠం ఆయనే చెప్పాడు: లాటిన్‌లో మొబిలిస్ అంటే కదిలేది, ముందు ‘కాదు’ అని చేరిస్తే కదలనిది; గుట్టకు వాడొచ్చు, చెడిపోయిన గడియారానికి వాడొచ్చు, ప్రశ్న అడిగినప్పుడు కొత్త అయ్యవారికీ వాడొచ్చు.

ఇన్నేళ్లూ ఈ కథలో లాటిన్ నేనే చెప్పినట్టు, ఆయన లేచి చెయ్యి కలిపినట్టు చెబుతూ వచ్చాను. (మూడు వందలూ అబద్ధమే. ఆ వసారాలో ముప్ఫై పడితే గొప్ప.) కానీ పొద్దు వాలాక గొర్రెల వెనకే బయటికి నడుస్తూ, “రేపటినుంచి నువ్వు పర్మనెంటు” అని ఆయన అన్నది నిజం. ఆయన మలుపు తిరిగేదాకా గంభీరంగా నిలబడి, తర్వాత పిల్లల ముందే గంతులు వేశాను. ఆ గంతుల్లో ఒక్కటి కూడా పెంచి చెప్పడం లేదు. ఇప్పుడు కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ కావాలి. లేచాక, ఎందుకు లేచానో మరిచిపోయి, ఆ పిల్ల అయ్యవారిని తలుచుకుని కాసేపు నవ్వుకుంటాను.