గాడిదల సిపాయి

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మావారు సెలవు మీద గుణుపురం వచ్చారు. సైన్యంలో ఆయన పని కంచరగాడిదల మీద కొండపైకి సరుకు చేరవెయ్యడం. మా అన్నయ్యేమో తుపాకీ పట్టిన సిపాయి. పుట్టింటివాళ్ల ముందు తక్కువ కాకూడదని, మావారూ తుపాకీతోనే పోరాడారని వీధంతా చెప్పుకున్నాను. ఆయన రైలు దిగిన దగ్గర్నుంచీ ఆ అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని నాకు కాలు నిలవలేదు.

మర్నాడు మా అరుగు మీద జనం చేరారు. సెలవులో ఉన్న అన్నయ్య కూడా వచ్చాడు.

"ఎంతమందిని కాల్సేవు బాబూ?" అనడిగాడు పక్కింటి షావుకారు.

"నాకు తుపాకీ ఏటి మావా? గాడిదల్ని తోల్తాను," అన్నారాయన.

అందరూ గొల్లున నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది అన్నయ్యే. తలుపు చాటున నాకు ప్రాణం పోయినంత పనైంది.

ఆయన మాత్రం తొణకలేదు. "కొండమీద మీకు తిండీ గుండ్లూ ఎవులు తెచ్చేరు బావా?" అన్నారు.

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. "గాడిదలే బావా. మూడ్రోజులు పస్తుండి, ఆటికోసమే కళ్లల్లో వత్తులేసుకుని సూసేం," అన్నాడు మెల్లగా.

"మరి నాకు తుపాకీ ఉందని ఈల్లకి సెప్పిందెవులు?" అంటూ ఆయన తలుపు వైపు చూశారు.

నేను బయటికి రాలేకపోయాను. ఆయనకు లేని సిగ్గు నాకెందుకు పట్టుకుందా అని ఇప్పటికీ మథనపడుతుంటాను.