డోళ్లు ఆగినా తగ్గని మోత

2022 జూన్. భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట ఒక చిన్న మున్సిపాలిటీలో నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. ఊరి పేరు రాయను. అప్పటివాళ్లు చాలామంది ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ అంటే చెత్త బండ్ల వెంట తిరిగే మనిషని మా ముదిగొండ చుట్టాలు ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి బహిరంగంగా సిగరెట్ తాగేవాళ్లకు చలానా రాయడం, దవాఖానా పక్కన మోత పెట్టేవాళ్లకు నోటీసు ఇవ్వడం కూడా మా పనే.

దవాఖానా, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల మేర సైలెన్స్ జోన్ అంటారు. అక్కడ పగటిపూట మోత యాభై డెసిబెల్స్ దాటకూడదు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే అరవై దాకా వస్తుంది కాబట్టి, ఆ యాభై ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. దాన్ని కొలవడానికి సౌండ్ లెవల్ మీటర్ అని అరచేతిలో పట్టే యంత్రం ఒకటి ఉంటుంది. మాకు అది కొత్తగా వచ్చింది. చేతికి కొత్త పరికరం దొరికితే ఎవరి మీదైనా వాడి చూడాలన్న ఉబలాటం ఉంటుంది కదా, నాకూ ఉండింది.

అప్పుడే ఫిర్యాదు వచ్చింది. దవాఖానాకు ఆనుకుని ఉన్న ఫంక్షన్ హాలు యజమాని సుధాకర్ ఇచ్చాడు. దవాఖానా వెనక కోయగూడెంలో పొద్దున్నుంచి డోళ్లు కొడుతున్నారని, రోగులకు ఇబ్బందని రాశాడు. గూడెం వంద మీటర్ల బయటే ఉంది, కానీ మోత లోపలికి వస్తోందని ఆయన వాదన. కమిషనర్ గారు వెంటనే వెళ్లమన్నారు. వెళ్లాను. ఎక్కడ నిలబడి కొలవాలో కూడా సుధాకరే చూపించాడు. దవాఖానా ప్రహరీ మూలన మీటర్ పైకెత్తాను. డెబ్బై రెండు.

ఇంకేం కావాలి నాకు! కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని గూడేనికి పోయి పంచనామా రాశాను. నాలుగు డోళ్లు ట్రాక్టర్‌లో ఎక్కించాను.

గూడెం పెద్ద గంగయ్య ట్రాక్టర్‌కి అడ్డం రాలేదు, కేకలు వేయలేదు. నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, ఐతారం మా విత్తనాల పండుగ. దానికే సాధకం చేస్తున్నం. డోలు లేంది పండుగ కాదు. పండుగ కాంది గూడెంల ఒక్కలు గూడ గింజ ముట్టరు."

"చట్టం అందరికీ ఒకటే పెద్దయ్యా."

"అవ్, ఒకటే అంటరు. వాన పడ్డది బిడ్డా. నేల పదును పోతే మళ్ల రాదు. గిప్పుడు డోళ్లు యాడికెల్లి తేవాలె?"

ట్రాక్టర్ పోనివ్వమని డ్రైవర్‌కి సైగ చేశాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శుక్రవారం ఫైల్‌లో పెట్టడానికి రెండో రీడింగ్ కోసం అదే మూలకు వెళ్లాను. డోళ్లు మా ఆఫీసు స్టోర్ రూంలో ఉన్నాయి. గూడెంలో చప్పుడన్నదే లేదు. మీటర్ ఎత్తాను. డెబ్బై ఒకటి. యంత్రం చెడిపోయిందనుకున్నాను. తట్టాను, బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాను. డెబ్బై ఒకటే.

పసిపిల్లల వార్డు కిటికీలోంచి హెడ్ నర్స్ సుగుణ నన్ను చూసి బయటికొచ్చింది.

"ఏంది మేడం, మళ్ల ఎవల్ని పట్కపోనీకి వచ్చిండ్రు?"

"ఈ మోత ఎక్కడిదమ్మా?"

ఆమె నవ్వలేదు. ఫంక్షన్ హాలు వెనక గోడ వైపు చూపించింది. "ఆ జనరేటర్‌ది. మూడు నెలల సంది మొత్తుకుంటున్నం. పిల్లలు నిద్రల ఉలిక్కిపడి ఏడుస్తున్నరు. తల్లులు చెవులు మూసుకుంటున్నరు. మీరేమో డోళ్లు పట్కపోతిరి!"

అప్పుడు విన్నాను. అంటే, అప్పటిదాకా ఆ మోత నా చెవిలో పడుతూనే ఉంది, కానీ నేను దాన్ని మోత కింద లెక్కపెట్టలేదు. ఎండాకాలమంతా ఊరు ఊరే జనరేటర్ల మీద బతుకుతుంది, ఆ గర్జన మాకు గాలిలాంటిది. డోలే కొత్తగా వినిపించింది. మా పనిలో బ్యాక్‌గ్రౌండ్ రీడింగ్ అని ఒకటుంది. ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్ల చప్పుడు ఆపించి, అదే చోట మళ్లీ కొలవాలి. మొదటిరోజు పాఠం అది. దాన్నే ఎగ్గొట్టాను. తన జనరేటర్ మోతను డోళ్ల మీదికి నెట్టడానికే సుధాకర్ నాకు ఆ మూల చూపించాడు.

హాల్లోకి పోయి ఆపరేటర్‌తో జనరేటర్ ఆపించాను. దాని సైలెన్సర్ ఎప్పుడో ఊడిపోయింది, మోత బయటికి రాకుండా చుట్టూ ఉండాల్సిన డబ్బా కూడా లేదు. తిరిగొచ్చి కొలిస్తే నలభై ఏడు. సుగుణ చేత సంతకం పెట్టించుకుని నేరుగా కమిషనర్ గది‌కి వెళ్లాను.

సుధాకర్ అక్కడే ఉన్నాడు. కాలు మీద కాలేసుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. వెనక గోడ మీద పొగతాగరాదన్న బోర్డు నేను కొట్టించిందే.

రీడింగులు టేబుల్ మీద పెట్టి, "సార్, తప్పు నాది. డోళ్లు తిరిగిచ్చేస్తాను. నోటీసు ఈయనకివ్వాలి" అన్నాను.

కమిషనర్ గారు కాగితాలు ముట్టుకోలేదు. "సీజ్ చేసినవి సోమవారం దాకా ఉండనియ్యమ్మా. తర్వాత చూద్దాం. తొందరేం ఉంది?"

"ఆదివారం వాళ్ల పండుగ సార్."

సుధాకర్ నవ్వాడు. "గూడెపోళ్ల కోసం గింత లొల్లా మేడం? కొత్తగొచ్చిండ్రా ఏంది?"

నాకు కాలింది. సంచిలోంచి చలానా పుస్తకం తీశాను. పేరు, చోటు, నేరం అన్నీ రాసి చించి ఆయన ముందు పెట్టాను. "బహిరంగ స్థలంలో ధూమపానం. రెండు వందలు. కొత్తదాన్నే సార్, అందుకే రూల్స్ ఇంకా గుర్తున్నాయి."

సుధాకర్ సిగరెట్‌ని టీ కప్పులో నలిపాడు. కమిషనర్ గారి ముఖం కందగడ్డ అయింది. "నీ ఉద్యోగం గురించి కూడా కొంచెం ఆలోచించుకోమ్మా" అన్నారు. ఆలోచించాను. మెట్లు దిగేంతసేపూ అదే ఆలోచించాను. ఇంట్లో జీతం నాదొక్కటే.

అయినా శనివారం పొద్దున స్టోర్ తాళం తీశాను. నా పంచనామా తప్పని, డోళ్ల మోతను విడిగా కొలవకుండానే సీజ్ చేశానని తెల్లకాగితం మీద నా చేత్తో రాసి ఫైల్‌లో పెట్టాను. అదే ట్రాక్టర్‌లో డోళ్లు గూడేనికి తీసుకెళ్లాను.

గంగయ్య ఒక్కో డోలూ దింపించి, తోలు మీద చెయ్యేసి చూసుకున్నాడు. నేను తప్పయిందన్నాను. ఆయన నన్ను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

"రేపు రా బిడ్డా. నీ మిషిను గూడ పట్టుకొని రా."

వెళ్లాను. ఆదివారం పొద్దున హాల్లో పెళ్లి లేదు, జనరేటర్ ఆగి ఉంది. గూడెంలో నాలుగు డోళ్లూ ఒక్కసారి అందుకున్నాయి. నేను ప్రహరీ మూలన మీటర్ పట్టుకుని నిలబడ్డాను. నలభై తొమ్మిది. సుగుణ కిటికీలోంచి చెయ్యి ఊపింది, లోపల పిల్లలు పడుకున్నారట. ఆ రీడింగ్ కూడా రాసి సంతకం చేశాను. తర్వాత గూడేనికి పోతే అప్పటికే కొందరు గింజల బుట్టలు ఎత్తుకుని పొలం వైపు నడుస్తున్నారు.

సోమవారం నాకు మెమో వచ్చింది. పై అధికారి మాట వినలేదని ఏడాది ఇంక్రిమెంట్ ఆపారు. జనరేటర్ నోటీసును మాత్రం ఆపలేకపోయారు, ఎందుకంటే శనివారమే దాన్ని రాసి, నకలు జిల్లా ఆఫీసుకు పంపేశాను. నెల తిరక్కముందే దానికి సైలెన్సర్, చుట్టూ డబ్బా వచ్చాయి. మెమో నా దగ్గర భద్రంగా ఉంది. మళ్లీ అదే వారం వస్తే అదే తాళం మళ్లీ తీస్తాను, మళ్లీ మెమో ఇచ్చుకోమనండి.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద సంగతేం కాదు. ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వాళ్ల చప్పుడు ఆపి చూడాలి, తగ్గకపోతే ఫిర్యాదు చేసినవాడి ఇంటి వైపు తిరగాలి. ఇప్పుడు నా దగ్గరకు పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు మొదట చూపించేది నేను గెలిచిన నోటీసు కాదు. నా పంచనామా తప్పని నా చేత్తో నేనే రాసుకున్న ఆ తెల్లకాగితం.