ఎడమ జేబు చీటీ

పోయిన నెల ఇక్కడ ఇంగ్లండులో మేం చూపించుకునే డాక్టరు సర్జరీలో కొత్తగా చేరిన నర్సమ్మ నా వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించుకుంటూ, మీ ఆయన ఏ తేదీన పోయారని అడిగింది. పక్కన కూర్చున్న మా చెల్లెలు నా మొహంకేసి చూసింది, నేను గోడకేసి చూశాను. తెలియదని చెప్పాక ఆవిడ జాలిపడి ఆ గడి ఖాళీగా వదిలేసింది గానీ, ఇంటికొచ్చిన తరువాత నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. నాకు చదువు లేదు. సంతకం గీయడం, బస్సు నంబరు పోల్చుకోవడం, అంతవరకే. నేను చెప్పుకుపోతుంటే మా చెల్లెలి పెనిమిటి, మా మరిది, కూర్చుని రాస్తున్నాడు. నా గొంతు గరగరలాడితే ఆగొద్దని, మాట మార్చి నునుపు చెయ్యొద్దని ముందే చెప్పాను.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు మగవాళ్ళు పని ఉందంటే దేశం చివరికైనా పోతారు. మా ఆయన లారీ డ్రైవరు. తొంభైల చివర నాగాలాండులో ఒక రోడ్డు కంపెనీకి దిమాపూరు నుంచి కొండలమీదికి తారు పీపాలు మోసేవాడు. ఇద్దరమే కాబట్టి నన్నూ తీసుకుపోయాడు. పిల్లలు కలగలేదు మాకు. కంపెనీ రేకుల షెడ్డులో పదిమందికి వండిపెట్టేదాన్ని. అక్కడ తమకు వేరే దేశం కావాలని ఎన్నో ఏళ్ళుగా తుపాకులు పట్టుకుని అడవిలో ఉన్నవాళ్ళుండేవారు. అందరూ వాళ్ళని అండర్‌గ్రౌండ్ వాళ్ళనే అనేవారు. వాళ్ళు రెండుగా చీలిపోయి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటుండేవారు. మన డ్రైవర్లు వాళ్ళకి పెద్దదళం, చిన్నదళం అని పేర్లు పెట్టుకున్నారు. ఏ లారీ కొండెక్కినా ఇద్దరికీ పన్ను కట్టాలి, ఇద్దరూ ముద్రకొట్టిన చీటీ ఇస్తారు. ఒకరి చీటీ ఇంకొకరికి చూపించామా, మనం శత్రువు మనుషులమైపోయినట్టే.

అందుకని డ్రైవర్లకి ఒక పద్ధతి ఉండేది. ఆ రోజు వెళ్ళే దారి ఏ దళంవాళ్ళదో ఆ చీటీ చొక్కా ఎడమ జేబులో, రెండోది సీటు కింద గోనెపట్టా మడతలో. తుపాకీ ఎదురుగా ఉన్నప్పుడు వెతుక్కునే పని ఉండకూడదు, చెయ్యి దానంతట అది జేబులోకి పోవాలి. మా ఇంట్లో ఆ సర్దుడు నాది. చొక్కా ఉతికేది నేనే, ఆరాక చీటీ పెట్టేదీ నేనే. అక్షరం రాకపోయినా నీలంముద్ర పెద్దదళానిది, ఎర్రముద్ర చిన్నదళానిది అని రంగుతో గుర్తుపట్టేదాన్ని. ఆ నెల చిన్నదళంవాళ్ళు కూడా నీలంముద్రే కొట్టారు. మా ఆయన చెప్పే ఉంటాడు, పొయ్యి ఊదుకుంటూ నేను విని ఉండను. ఆ పొద్దు ఆయన పోవలసింది చిన్నదళం దారిన. ఎర్రముద్ర ఏదీ కనబడకపోతే ముద్ర రంగు మారిందేమో అనుకుని, ఆయన్ని అడగకుండా, రెండు నీలాల్లోనూ చేతికి మొదట తగిలింది జేబులో పెట్టి బొత్తాం కూడా వేశాను.

వెనక లారీలో వస్తున్న బీహారు డ్రైవరు మర్నాడు దిగివచ్చి చెప్పాడు. మలుపులో ఆపారట, మా ఆయన జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడట, వాళ్ళు దాన్ని చూసుకుని ఆయన్ని కిందికి దింపి అడవిలోకి నడిపించుకుపోయారట. ఇంజను అలా ఆడుతూనే ఉందట. కంపెనీవాళ్ళు ఫిర్యాదు రాయించారు, పోలీసులు రాసుకున్నారు. ఎనిమిది నెలలు ఆ షెడ్డులోనే ఉన్నాను. చీటీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, మా అత్తకి అసలే చెప్పలేదు.

తరువాత కొన్నేళ్ళకి మా చెల్లెలికి లీసెస్టర్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, పసిపిల్లని చూసుకోడానికి నన్నూ వెంట తెచ్చుకుంది. వారానికోలా మారే రోటా ప్రకారం దాని డ్యూటీలు, వానలో పిల్లని కూర్చోబెట్టి నా ప్రామ్ బండి తోపుడు, గుజరాతీ కొట్లలో వంకాయలు ఏరుకోవడం, వీటిమధ్య నా బతుకంతా ఒక్క మాటమీద వేలాడుతుండేది: చర్చలు. ప్రభుత్వం ముందు ఒక దళంతో, ఆ తరువాత రెండోదానితో కాల్పులు ఆపించి మాటలకు కూర్చుంది. ఆ మాటలు ఒక్కోసారి పరాయిదేశాల హోటళ్ళలో జరిగేవట. ఆదివారం మా మరిది కంప్యూటరు ముందు కూర్చుని ఆ వార్తలు చదివి వినిపించేవాడు. శాంతి కుదిరితే చెరలో ఉన్నవాళ్ళని వదులుతారని ఎవరో అన్నారు, నేను దాన్నే పట్టుకున్నాను. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు.

ఊళ్ళో మా అత్తకది మింగుడుపడలేదు. ఫోనుకార్డు గీకి నేనే చేసేదాన్ని, తిట్లు తినడానికి.

"బతికున్నోడికి కూడు నేదు, సచ్చినోడికి పిండం నేదు, ఏటే నీ పంతం? నా కొడుకుని గాల్లో ఏలాడదీస్తన్నావు!"

"సచ్చిపోనాడని నీకెవులు సెప్పారత్తా?"

"కన్న కడుపు సెప్పిందే!"

కార్డులో డబ్బులు అయిపోయేదాకా అలాగే పోట్లాడుకునేవాళ్ళం. ఆవిడకు కొడుక్కి నీళ్ళు వదలాలని, నాకు వదలకూడదని. నీళ్ళు వదిలితే ఆ చీటీ పెట్టిన చెయ్యే ఆయన్ని చంపిందని ఒప్పుకున్నట్టు. నా భయం అదీ.

అలా ఉండగా ఒక ఆదివారం మా చెల్లెలు తన వార్డులో కొత్తగా చేరిన నర్సుపిల్లని భోజనానికి తీసుకొచ్చింది. చిన్నకళ్ళు, నవ్వుమొహం. అన్నం, చేపలపులుసు వడ్డించి, ఏ ఊరమ్మా మీది అని మా చెల్లెలిచేత అడిగించాను. నాగాలాండులో కోహిమా అవతల, అంది. నేను ఆ పిల్ల ముందున్న కంచం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎంగిలిపడిన కంచం లాగేసుకున్న పాపం ఈనాటికీ నా చేతుల్లో ఉంది.

మా చెల్లెలు వెనకాలే వచ్చింది. "ఒసే అప్పా, ఆ గుంటేటి సేసింది నిన్ను?"

"ఆళ్ళు మనుషులు కారే!"

"నా వార్డులో నీలాంటి ముసిలోలకి మలం ఎత్తతాది అది. మనిషి కాదంట!"

ఆ మాటలకు హాల్లోంచి మా చెల్లెలి కూతురు, "పెద్దమ్మా, వై ఆర్ యూ బీయింగ్ సో రూడ్?" అని అరిచింది. ఆ నర్సుపిల్ల చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

వెళ్ళినది మళ్ళీ ఆదివారం తనే వచ్చింది. మా చెల్లెలు అంతా చెప్పేసిందట. నా పక్కన సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతూ, దిమాపూరు బజారులో అందరూ మాట్లాడే ఆ కలగాపులగం మాటలో, ఆరేడేళ్ళుగా నా చెవిన పడని మాటలో మొదలుపెట్టింది. "ఆంటీ, మా అన్న కూడా అడవిలోకి పోయాడు. వాణ్ణి మిలిటరీవాళ్ళు కాల్చలేదు. మా మనుషులే, అవతలి దళంవాళ్ళు కాల్చారు. మాకు శవం దొరికింది. నీకూ నాకూ అదొక్కటే తేడా."

ఆ రోజు దానికి నా చేత్తో కలిపిపెట్టాను. తరువాతి ఆదివారాలలో ఎండబెట్టిన వెదురుకొమ్ములు తెచ్చేది. ఆ వాసనకి మా మరిది కిటికీలన్నీ తెరిచేవాడు, మేమిద్దరం ఆడాళ్ళం నవ్వుకుంటూ వండుకునేవాళ్ళం. ఎవరికీ చెప్పని చీటీ సంగతి ఒకనాడు దానికే చెప్పాను. వాళ్ళ మేనమామ చర్చి పాస్టరు, కొండల్లో ఊళ్ళన్నీ తిరిగే మనిషి. మా ఆయన సంగతి ఆయనచేత కనుక్కోమన్నాను. బతికున్నాడా అని ఒకటి, చీటీవల్లేనా అని ఒకటి, రెండే అడగమన్నాను. ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో రెండుసార్లు చర్చలని వార్త వచ్చింది, రెండుసార్లూ ఒడంబడిక కుదరలేదని మా మరిది కంప్యూటరు మూసేశాడు.

కబురు రెండువేల ఏడు ప్రాంతంలో, చలి మొదలయ్యే రోజుల్లో వచ్చింది. పిల్ల సింకుకేసి చూస్తూ చెప్పింది. వాళ్ళు ఆయన్ని శిబిరంలో ఉంచి సామాన్లు మోయించుకున్నారట, మూడు నెలల్లోపే మలేరియా పట్టి పోయాడట, దగ్గరి ఊరి క్రైస్తవులు కొండవాలున పూడ్చి పెట్టారట. నాకు ఏడుపు రాలేదు. రెండోది నేను అడగకముందే, చీటీవల్ల కాదు ఆంటీ, వాళ్ళకి మోతమనిషి కావలసి తీసుకుపోయారట, అంది. అది నిజంగా వచ్చిన కబురో, నా మీద దయతో ఆ పిల్ల కల్పించి చెప్పిందో నాకు తెలియదు. అడిగితే చెప్పేది కాబోలు. అడగలేదు.

మా అత్తకి ఫోను చేసి, నీ కొడుక్కి నీళ్ళొదిలేస్తన్నానని చెప్పాను. తిట్టలేదు. ఆ గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు. "నువ్వు తిన్నావేటే?" అని మాత్రం అడిగింది.

బొట్టు సబ్బుతో కడుక్కున్నాను. లీసెస్టర్ శివార్లలో నది ఒడ్డున గుజరాతీ పంతులుగారు దర్భలతో మనిషిబొమ్మ కట్టారు. మంట పెట్టడానికి ఊరి కౌన్సిల్‌వాళ్ళు ఒప్పుకోరేమోనని భయపడి, హోటలు నుంచి టేక్‌అవే కూరలు వచ్చే రేకు పళ్ళెంలో కాల్చాం, అరచేతంత మంట. కొడుకు లేడు కాబట్టి మా మరిదే కర్త. సంకల్పంలో పోయిన చోటు చెప్పాలని పంతులుగారు అడిగారు. మా మరిదికి నోరు తిరగలేదు, నేను వెనక్కి తిరిగి చూశాను. వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల, మెడలో సిలువతో, ఆ కొండ ఊరి పేరు చెప్పింది. పంతులుగారు తప్పు పలికితే మళ్ళీ చెప్పింది. మూడోసారికి ఆయన మంత్రంమధ్యలో ఆ పేరు సరిగ్గా పడింది. మా ఆయన ఎక్కడున్నాడో అందరిముందూ ఒకరు పైకి చెప్పడం అదే మొదలు.

ఆ పిల్ల పెళ్ళిచేసుకుని లండను వైపు ఇల్ఫర్డ్ వెళ్ళిపోయింది, క్రిస్మస్‌కి ఫోను చేస్తుంది. మా అత్త పోయి చాలా ఏళ్ళయింది, నాతో పోట్లాడేవాళ్ళు లేరు. ఆ కొండదారిన తుపాకీ పట్టుకున్నవాళ్ళు ఇప్పుడు నా ఈడువాళ్ళై మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంటారు, వాళ్ళ పిల్లలు ఎక్కడో పరాయిదేశంలో నాలాంటి ముసలమ్మలకి బి.పి. చూస్తుంటారేమో కూడా. నా ఈడు వస్తే మీకు తెలుస్తుంది, దుఃఖం పాతబడుతుందంటారు గానీ అది పాతబడదు, దాని చుట్టూ ఉన్న మనుషులు పోతారు, అంతే. ఆ రోజుల్లో నాకు వాళ్ళమీదో, అత్తమీదో, నామీదో, ఎవరో ఒకరిమీద కోపం ఉండేది, దాంతో పొద్దు గడిచిపోయేది. ఇప్పుడు పొద్దున్నే లేచి కూర్చుంటే కోప్పడడానికి మనిషి దొరకడు.