వంటగదిలో నిలబడ్డ రచయిత

దుబాయ్ పక్కనే ఉన్న రోలాలో మా పక్క ఫ్లాటువాళ్ళు ఇవాళ కాఫీ మాడబెట్టారు. ఆ చేదు వాసనకి ఎవారిస్తో గారు గుర్తొచ్చారు. స్పానిష్‌లో కామాలూ ఫుల్‌స్టాపులూ లేని నవలలు రాసి, తన దేశంలో కొత్త తరహా రచనకు దారి వేసిన పెద్దాయన. దుబాయ్‌లో ఏళ్ళ తరబడి స్పానిష్ పాఠాలు చెప్పి, ముసలితనంలో కూతురి ఇంట్లో ఉండేవారు. కరోనా తగ్గాక ఆయన్ని చూసుకోవడానికి నన్ను నర్సుగా పెట్టారు. మా మధ్య నడిచేది వచ్చీరాని ఇంగ్లీషు.

శనివారం సాయంత్రాలు ఆయన పాత సాహితీమిత్రులు ముగ్గురు వచ్చేవారు. వాళ్ళకో ఆచారం. తాము రాసింది చదివి వినిపించినవారు వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకోవాలి. మిగతావాళ్ళు మొహమాటం లేకుండా ఏకిపారెయ్యాలి. ఆ తర్వాతే పిలుపు. పెద్దాయన తలుపుకి చెవి ఆనించి నిలబడి, పొయ్యి మీద కాఫీ మాడుతున్నా నన్ను కదలనిచ్చేవారు కాదు.

"ష్! సిస్టర్, నవ్వుతున్నారా?"

"లేదండీ. చాలా నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు."

"మావాళ్ళకి నెమ్మది తెలీదు. ఏదో దాస్తున్నారు."

నాకూ అనుమానమే. ఏకిపారెయ్యాల్సినవాళ్ళు గుసగుసలాడటమేమిటి? లోపలికి పిలిచి భుజం తట్టి మెచ్చుకోవడమేమిటి? ఆయన్ని ఏ వృద్ధాశ్రమానికో తోసేసే ఎత్తు వేస్తున్నారేమోనని, టీపాయ్ తుడిచే వంకతో అక్కడే తచ్చాడేదాన్ని. స్పానిష్ ముక్క రాదు నాకు. అయినా ఒక శనివారం ఆయన చదువుతుంటే, ఏ మాట దగ్గర ఆ గొంతు వణకబోతోందో ముందే తెలిసిపోయింది. ప్రతివారం అదే పేజీ! ఆయన కొత్తగా రాశాననుకుని చదువుతున్నారు. వాళ్ళు మొదటిసారి విన్నట్టు వింటున్నారు.

ఆ ముగ్గురిలో ఒకరైన లూసియా గారిని లిఫ్టు దగ్గర నిలదీశాను.

"ఏంటి మేడమ్, ఈ నాటకం?"

"చెబితే చదవడం మానేస్తాడు సిస్టర్. అది మానేస్తే ఇక మా ఎవారిస్తో ఎక్కడుంటాడు?" అని కళ్ళు తుడుచుకున్నారు.

మరుసటి శనివారం వంటగదిలో ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఇన్నేళ్ళలో వాళ్ళు నన్ను మెచ్చుకున్నది లేదు. ఇప్పుడేమో ఒక్క తిట్టూ వినబడదు. నిజం చెప్పు, ఇది ముందే చదివేశానా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ కళ్ళు చూసి మింగేశాను. "చదివారు సార్. ప్రతివారం ఇదే."

ఆయన వెళ్ళి పొయ్యి కట్టేశారు. "అయితే నేను ఖలాస్ అన్నమాట. నాకు తెలిసిందని వాళ్ళకి చెప్పకు, పాపం ఎంత కష్టపడుతున్నారో! కానీ నేను అడిగినప్పుడల్లా నువ్వు మాత్రం నిజమే చెప్పాలి. మాటివ్వు."

ఇచ్చాను. పిలుపు రాగానే నవ్వుతూ వెళ్ళారు.

మళ్ళీ శనివారానికి అంతా మరిచిపోయారు. మళ్ళీ చెయ్యి పట్టుకుని అదే ప్రశ్న వేశారు. మళ్ళీ చెప్పాను. అప్పుడే మొదటిసారి విన్నట్టు కుంగిపోయి, మళ్ళీ వాళ్ళకి చెప్పొద్దన్నారు. ఆయన పోయేదాకా ఇంతే. రూముకొచ్చి ఏడుస్తుంటే నాతో ఉండే సువార్తక్క కసిరేది.

"ఓ అబద్ధం ఆడేస్తే పోద్ది కదే! ఏటే నీ మొండితనం?"

"మాటిచ్చేశానక్కా."

నన్నెవరైనా పొగిడితే ఇప్పటికీ అనుమానమే, ఏం దాస్తున్నారోనని. ఆసుపత్రిలో ఏ పేషెంటైనా చెయ్యి పట్టుకుని "నిజం చెప్పు సిస్టర్" అంటే, ముందు వెళ్ళి తలుపు మూసి వస్తాను. తర్వాత చెబుతాను.