తినే పాలకూర, అమ్మే పాలకూర

మా చిన్నతనంలో మాకు పాలకూర రెండు చోట్ల పెరిగేది... ఇంటి వెనక రెండు చిన్న మళ్ళు, వాగు పక్కన అరెకరం. ఇంటి వెనకది మేం తినడానికి. వాగు పక్కది అమ్మడానికి.

ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు. పటాన్‌చెరు దగ్గర మా ఊళ్ళో చాలా ఇళ్ళలో అంతే. పైన ఫ్యాక్టరీల నుంచి వచ్చే నీళ్ళన్నీ ఆ వాగులోనే కలిసేవి. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నురగతో... కాలు పెడితే దురద. బావి ఎండిపోయాక పొలానికి వేరే నీళ్ళు లేవు. ఇంటి వెనక మళ్ళకు మాత్రం అమ్మ బోరింగు కొట్టి, బిందెలతో మోసి పోసేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం అమ్మతో అంగడికి వెళ్ళాను. గంప ముందు కూర్చుని కట్టల మీద నీళ్ళు చల్లుతున్నాను. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండే ఒకావిడ చంకలో పాపతో వచ్చింది. మాట కోస్తా వాళ్ళది.

"పాపకి ఇప్పుడిప్పుడే అన్నం అలవాటు చేస్తున్నామమ్మా. డాక్టరుగారు ఆకుకూర పెట్టమన్నారు. లేతవి చూసి ఇవ్వండి."

పాప ముద్దుగా ఉంది. నాకు నోరాగలేదు.

"గివి వద్దు ఆంటీ... గివి మేం తినం. ఇంటెన్క పెరిగినయే తింటం."

ఆవిడ అమ్మ వైపు చూసింది. "అదేంటమ్మా... మీరు తినరా?"

ఆ గొంతులో కోపం లేదు. అందుకేనేమో అమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "వాగు నీళ్ళయమ్మా. పాపకు పెట్టకుండ్రి."

"మరి ఎవరి దగ్గర కొనమంటారు?"

అమ్మ అంగడంతా ఒకసారి చూసింది. ఆ వరసలో అన్ని గంపలూ ఆ వాగు పక్కవే... ఎవరినని చూపిస్తుంది?

ఇంటికెళ్ళాక దెబ్బలు తప్పవనుకున్నాను. అమ్మ మాత్రం మిగిలిన కట్టలు బర్రెకు కూడా వెయ్యకుండా గుంతలో పారేసి, నాయినతో చెప్పింది. "ఇగ వాగు పక్కన కూర పెట్టను."

"పెట్టకుంటె ఏం తిని బతుకుతం? వేరే నీళ్ళు ఏడికెల్లి తేవాలె?"

"మనం తిననిది ఇంకొకల పిల్లలకు ఎట్ల పెట్టమంటవ్?"

ఇద్దరి మాటా నిజమే.

ఆ ఏడు వాన మీద ఆధారపడి జొన్న వేశాం. గింజలు పోసుకునే గుమ్మి సగం కూడా నిండలేదు. దసరా దాటాక నాయిన కూలికి వెళ్ళాడు... వాగులోకి నీళ్ళు వదిలే ఫ్యాక్టరీల్లోనే ఒకదానికి. దగ్గర్లో పని దొరికింది అక్కడే. అమ్మ సద్ది కట్టిచ్చేటప్పుడు ఆయన ముఖంలోకి చూసేది కాదు. సాయంత్రం వచ్చి ఆయన ఎంతసేపు స్నానం చేసినా ఆ వాసన పోయేది కాదు. నన్ను చదివించింది ఆ పనే.

పక్క చేలవాళ్ళు కూర వేస్తూనే ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టలేను... వాళ్ళకు ఆ పని కూడా దొరకలేదు.

ఇప్పుడక్కడ అన్నీ అపార్ట్‌మెంట్లే. తినే నోళ్ళు పెరిగాయి, పండే నేల తగ్గింది. కూర ఎక్కడి నుంచో బండ్లలో వస్తుంది, నిగనిగలాడుతూ... ఏది తినకూడదో అప్పుడు కనీసం మా అమ్మకు తెలుసు. నా పిల్లల కంచంలో ఏం పెడుతున్నానో నాకు తెలియదు.

మీ ఇంటి కూర ఏ నీళ్ళతో పెరిగిందో మీకు తెలిసిన రోజులున్నాయా? ఉంటే రాయండి... చదవాలని ఉంది.