మధ్యలో తెగిన గీత

ఆఫీసులో అందరూ ఆవిడని ‘చుక్కలక్కయ్య’ అంటారు. పక్క గెలాక్సీలోని జంట నక్షత్రాల్లో ఒకటి రెండోదానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు ఎంత తగ్గుతుందో గ్రాఫు గీతలో చూసి కొలవడం ఆవిడ పని. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, పెన్సిల్ కొరుకుతూ, కంప్యూటర్ తెరకి ముక్కు ఆనించి కూర్చుంటుంది. ఆ మధ్యాహ్నం ఎడమ కన్ను నలుపుకుంటూ తెర చూసి, ఉలిక్కిపడి పక్క సీటు అమ్మాయిని పిలిచింది. “ఇటు రావే! వెలుగు గీత ఇక్కడ తెగిపోయిందేమిటి?”

“ఎక్కడక్కా? బాగానే ఉందిగా!”

ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది. ఎడమ కన్ను మూసి చూస్తే గీత సగం మాయమైంది. కుడి కన్ను మూస్తే మొత్తం కనబడింది. “అవునే, నేనే పొరబడ్డాను,” అని నవ్వేసి మళ్లీ పనిలో పడింది. సాయంత్రం బస్టాపులో నిలబడి, ఈసారి కుడి కన్ను మూసి చూసినా రోడ్డు సగమే కనబడుతుంటే, భర్తకి ఫోన్ చేసింది.

“ఏమండీ, వచ్చి నన్ను తీసుకెళ్తారా?”

“ఏం, బస్సు రాలేదా?”

“వచ్చినట్టుంది. చప్పుడు వినబడుతోంది.”